ఆరు గుల్డెన్లకు దొరికిన సహనం: మెన్నోనైట్లను యూరప్ నిజంగా ఆదరించిందా?

పాలమూరు_పిల్లోడు
మాది మహబూబ్‌నగర్. పుట్టి పెరిగింది ఎం.బి. చర్చి గోడ పక్కనే. చిన్నప్పుడు ఎం.బి. అంటే మహబూబ్‌నగర్ బ్రాంచి అనుకునేవాణ్ణి, నవ్వకండి. మెన్నోనైట్ బ్రదరెన్ అని, మెన్నోనైట్లు అంటే యూరప్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ అని ఇంటర్‌కి వచ్చాక తెలిసింది.

మొన్న ఆదివారం బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. యూరప్ రాజులు మన మెన్నోనైట్లను కడుపులో పెట్టుకుని చూసుకున్నారట, పరమత సహనానికి అంతకన్నా ఉదాహరణ లేదట. ఇంటికొచ్చి కాస్త చదువుదామని కూర్చుంటే మొదట తగిలిందే 1664 నాటి ఒక ఆజ్ఞ. జర్మన్ నేల మీద పాలటినేట్ అని ఒక సంస్థానం, దాని పాలకుడు కార్ల్ లుడ్విగ్. మెన్నోనైట్లు వచ్చి ఉండొచ్చు అన్నాడు, కానీ కుటుంబానికి మొదటి ఏడు మూడు గుల్డెన్లు (అప్పటి నాణేలు), ఆ తర్వాత ఏటా ఆరు కట్టాలి. ప్రార్థనకి ఇరవై మందికి మించి చేరకూడదు. వేరే మతంవాళ్ళని లోపలికి రానివ్వకూడదు. కొత్తగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదు.

దీన్ని కడుపులో పెట్టుకోవడం అంటారా, గది అద్దెకివ్వడం అంటారా? చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు ఈ ప్రసంగం విన్నప్పటి నుంచి ఏదో నలుసు పడినట్టుంది.

తిక్కలోడు
మహబూబ్‌నగర్ బ్రాంచి 😂 హెడ్డాఫీసు ఎక్కడనుకున్నావ్ మరి?

పాలమూరు_పిల్లోడు
జడ్చర్లలో. ఎం.బి. ఆస్పత్రి అక్కడుంది కదా, అదే పెద్దది అనుకున్నా.

చరిత్రపిచ్చి_శారద
ప్రశ్న మంచిది, కానీ 1664 దగ్గర మొదలెడితే సగం సినిమా చూసినట్టే. ఇంకో నూటనలభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

1525 జనవరి, జ్యూరిక్. కొందరు కుర్రాళ్ళు ఒక ఇంట్లో చేరి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. పసిబిడ్డకి నీళ్ళు చల్లితే లెక్కలోకి రాదు, తెలిసొచ్చాక తానుగా అడిగి తీసుకోవాలి అన్నది వాళ్ళ వాదన. వీళ్ళకే అనాబాప్టిస్టులని పేరు, మెన్నోనైట్లు ఆ గుంపులోంచే వచ్చారు. మనకిది పెద్ద విషయంగా అనిపించదు. కానీ ఆ రోజుల్లో పుట్టిన బిడ్డకి బాప్తిస్మం ఇవ్వడమంటే ఊళ్ళో మనిషిగా లెక్కలోకి ఎక్కించడం. దానికి తోడు వీళ్ళు ప్రమాణం చెయ్యం అన్నారు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని మత్తయి సువార్తలో ఉందిగా, దాన్ని అక్షరాలా పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఊరివాళ్ళంతా ఏటా ఒకచోట చేరి నగరానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసేవాళ్ళు. అది లేకపోతే కోర్టులో సాక్ష్యం చెల్లదు, వ్యాపారం సాగదు. ఇక కత్తి పట్టం అన్నారు. అంటే ఊరికి కాపలా లేదు.

ఆధార్ వద్దు, అఫిడవిట్ వద్దు, పోలీసు డ్యూటీ వద్దు, కానీ మీ ఊళ్ళోనే ఉంటాం అన్నట్టు వినిపించింది పెద్దలకి. 1526 మార్చిలో జ్యూరిక్ నగర మండలి శిక్ష ఖాయం చేసింది: నీళ్ళలో ముంచడం. నీళ్ళు కావాలన్నారుగా, తీసుకోండి అనే వెటకారం అందులో ఉంది. 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్‌ని లిమ్మట్ నదిలో ముంచేశారు. 1529లో జర్మన్ ఊరు స్పైయర్‌లో జరిగిన సామ్రాజ్య సభలో కేథలిక్ దొరలు, లూథర్ పక్షం దొరలు అన్నిటికీ కొట్టుకున్నారు. వీళ్ళని చంపాలన్న దగ్గర మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డారు.

జ్యూరిక్_వాన
శారదక్క చెప్పిన చోటు మా ఆఫీసు నుంచి నడిచిపోయే దూరం. షిప్ఫె అంటారు, నది గట్టు. అక్కడ ఒక రాయి పెట్టారు. 1527 నుంచి 1532 లోపు అక్కడ ముంచేసిన మాంజ్, ఇంకో ఐదుగురు, చివరగా 1614లో తల నరికిన హాన్స్ లాండిస్ గురించి దాని మీద రాసి ఉంటుంది. 2004లో ఇక్కడి రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళు సభ పెట్టి తప్పు ఒప్పుకున్నారు, అప్పుడు పెట్టిన రాయి.

మధ్యాహ్నం జనం అక్కడే కూర్చుని శాండ్‌విచ్ తింటారు. నేనూ ఏడాది పాటు అక్కడే తిన్నాను, ఒకరోజు వాన పడి రాయి కడిగినట్టయితే అక్షరాలు కనబడ్డాయి. మాంజ్ చేతులు మోకాళ్ళ మీదుగా కట్టి, సందులోంచి కర్ర దూర్చి, పడవలోంచి తోసేశారని చెబుతారు. తల్లి గట్టు మీద నిలబడి ధైర్యం చెప్పిందట. ఆ రోజు డబ్బా మూత పెట్టేశాను.

గోడమీదపిల్లి
అంతా బాధితుల కథే చెబుతున్నారు. మ్యూన్‌స్టర్ సంగతో? 1534లో ఈ అనాబాప్టిస్టులే ఆ జర్మన్ ఊరిని పట్టుకుని, వాళ్ళలో ఒకడు రాజునని ప్రకటించుకుని, పదహారు మందిని పెళ్ళాడి, అడ్డొచ్చినవాళ్ళ తలలు తీయించాడు కదా. మెన్నోనైట్లకి పేరిచ్చిన మెన్నో వాళ్ళ నాయకుడే కదా? పాలకులు భయపడ్డారంటే పడరా మరి?

చరిత్రపిచ్చి_శారద
@గోడమీదపిల్లి సగం ఒప్పు. మ్యూన్‌స్టర్ నిజం, యాన్ వాన్ లైడెన్ నిజం, ముగ్గురి శవాలు పెట్టి చర్చి గోపురానికి వేలాడదీసిన ఇనుప బోనులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ మెన్నో సీమొన్స్ అందులో లేడు. ఆయన అప్పటికి నెదర్లాండ్స్ వైపు ఫ్రీస్‌లాండ్‌లో కేథలిక్ గురువు. మ్యూన్‌స్టర్ కూలాక, 1536లో ఆ పదవి వదిలేసి వచ్చి, మిగిలిపోయి చెల్లాచెదురైన జనాన్ని కూడగట్టాడు. కత్తి ముట్టకూడదన్నది ఆయన మొదటి మాట. అయినా 1542లో చక్రవర్తి ఐదో చార్లెస్ ఆయన తలకి వంద గిల్డర్లు వెల కట్టాడు. ఆ తల ఎవరికీ దొరకలేదు, 1561లో హోల్‌స్టైన్‌లో ఒక దొర ఎస్టేటులో సొంత పక్క మీద పోయాడు.

ఇంకో ముచ్చట. "మెన్నో మనుషులు" అన్న పేరు 1545లో తూర్పు ఫ్రీస్‌లాండ్ దొరసాని ఆనా వేయించిన ఆజ్ఞలో కనిపిస్తుంది. కత్తి పట్టేవాళ్ళని వెళ్ళగొట్టండి, మెన్నో మనుషులనైతే పరీక్ష చేసి చూడండి అని. అంటే పేరు పెట్టిందే వీళ్ళని వడగట్టడానికి.

తిక్కలోడు
అంటే మొదటి నుంచీ కేటగిరీ సర్టిఫికెట్టే.

లెక్కల_మాస్టారు
కార్ల్ లుడ్విగ్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఏం జరుగుతోందో చూసి మాట్లాడాలి. అక్కడ వీళ్ళని పట్టుకోవడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టారు, వేటగాళ్ళన్నమాట, పట్టిస్తే బహుమానం. కొందరిని వెనిస్ ఓడల్లో తెడ్లు వెయ్యడానికి పంపారు. 1671లో ఊళ్ళు వదిలి ఏడువందల మంది దాకా వచ్చి పడింది ఎక్కడ? మీరు ఎత్తిపొడుస్తున్న ఆ పాలటినేట్‌లోనే. ముసలీ ముతకా, చంకన పిల్లలు, మూటలు. ఆయన ఆరు గుల్డెన్లు అడిగాడు, తల అడగలేదు.

ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఆయన రాజ్యం బీడు పడింది, దున్నేవాడు లేడు. వీళ్ళకి నేల కావాలి. ఇద్దరికీ గిట్టుబాటు. లాభం చూసుకుని చేస్తే అది సహనం కాదని ఎవరన్నారు? నేను ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను, జీతం తీసుకున్నాను. జీతం తీసుకున్నాను కాబట్టి చదువు చెప్పలేదంటారా?

పాలమూరు_పిల్లోడు
మాస్టారూ, జీతం మీరు తీసుకున్నారు. ఇక్కడ కట్టింది ఉండటానికి వచ్చినవాళ్ళు. పోలిక తిరగబడింది.

లెక్కల_మాస్టారు
సరే, ఫీజు కట్టిన పిల్లలనుకో.

చరిత్రపిచ్చి_శారద
మాస్టారి మాటలో నిజం ఉంది, కానీ ఆ తర్వాతి కథ వినండి. ఆరు గుల్డెన్లు తర్వాతి పాలకుల కాలంలో పన్నెండు అయ్యాయి. దానికన్నా ఘోరం ఇంకోటి. మెన్నోనైట్ రైతు ఒక బీడు కొన్నాడనుకోండి. రాళ్ళు ఏరాడు, ఎరువు తోలాడు, పదేళ్ళలో బంగారం పండించాడు. అప్పుడు పాత యజమాని వచ్చి, ఎంతకి అమ్మానో అంతే నీ చేతిలో పెడతాను, నా నేల నాకిచ్చెయ్ అనొచ్చు. చట్టం ఆయన వైపు. 18వ శతాబ్దంలో పాలటినేట్‌లో ఇది నడిచింది. కుటుంబాల సంఖ్యకీ హద్దు పెట్టారు. అక్కడి వాళ్ళు అమెరికా ఓడలెక్కడం ఊరికే జరగలేదు.

ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న.

రాత్రిబండి
అద్దె మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ఇల్లు చూశాను. యజమాని చాలా మర్యాదస్తుడు. మీరు చేపలు తింటారా అన్నాడు, తింటానన్నా. మాకేం పట్టింపు లేదండీ, మేం అందరినీ సమానంగానే చూస్తాం అన్నాడు. నెలకి ఐదువందలు ఎక్కువ, ఆదివారం మాత్రమే వండాలి, కిటికీలు మూసెయ్యాలి, బంధువుల్ని పిలవకూడదు. రెండేళ్ళు ఉన్నాను. కిటికీలు మూసి చేపల పులుసు పెడితే ఇల్లంతా ఎలా ఉంటుందో ఊహించుకోండి. చొక్కాలకి కూడా వాసన పట్టేది.

ఇప్పుడు మీ 1664 ఆజ్ఞ చదువుతుంటే ఆయన చేతిరాత గుర్తొచ్చింది.

తిక్కలోడు
కార్ల్ లుడ్విగ్ హౌస్ ఓనర్స్ అసోసియేషన్.

కాలవగట్టు
@రాత్రిబండి మీ చేపల పులుసు ఆమ్‌స్టర్‌డ్యాంలో కళ్ళారా చూపిస్తాను. ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. సింగెల్ కాలవ గట్టున ఆఫీసుకి సైకిల్ మీద పోతుంటే వరసగా ఇళ్ళు, మధ్యలో ఒక మామూలు తలుపు. అది మెన్నోనైట్ చర్చి అని మూడేళ్ళ దాకా తెలియదు. గోపురం లేదు, గంట లేదు. సందులా ఉన్న దారిలో లోపలికి పోతే, అబ్బో, రెండంతస్తుల బాల్కనీలతో పెద్ద హాలు. 1608లో కట్టారు. వీధిలోంచి చూస్తే చర్చి అనిపించకూడదన్నది షరతు. ఇలా దాచి కట్టినవి కేథలిక్కులకీ ఉన్నాయి, ఒకటైతే ఏకంగా ఇంటి అటకమీద.

లోపల ఏం జరుగుతుందో ఊరందరికీ తెలుసు. వందల మంది ఆదివారం పూట ఒకే తలుపులోంచి పోతుంటే తెలియదా? చూడనట్టు ఉండటమే ఇక్కడి ఏర్పాటు. లోపల సంపన్నులుండేవారు. ఈ ఊరి మెన్నోనైట్ బోధకుడు, బట్టల వ్యాపారి కోర్నెలిస్ ఆన్స్‌లో భార్యతో కూర్చుని ఉన్న బొమ్మ రెంబ్రాంట్ 1641లో వేశాడు. చెయ్యి ముందుకు చాపి ఏదో చెబుతున్నాడాయన, భార్య తల వంచి వింటోంది. దాక్కుని ప్రార్థన చేసుకునేవాడు అంత పెద్ద బొమ్మ వేయించుకోగలడా అని నాకు భలే ఆశ్చర్యం.

పాలమూరు_పిల్లోడు
@కాలవగట్టు డచ్చివాళ్ళు మిగతావాళ్ళకన్నా నయమేనంటారా?

కాలవగట్టు
నయమే. కానీ అక్కడా మొదట డబ్బే మాట్లాడింది. 1572లో డచ్చివాళ్ళ నాయకుడు ఆరెంజ్ విలియం స్పెయిన్ మీద తిరుగుబాటు చేస్తూ చేతిలో చిల్లి గవ్వ లేకుండా ఉన్నప్పుడు మెన్నోనైట్లు 1060 గిల్డర్లు పోగుచేసి పట్టుకెళ్ళి ఇచ్చారు. 1577లో మిడెల్‌బర్గ్ పెద్దలు ప్రమాణం చెయ్యకపోతే దుకాణాలు మూసేస్తామంటే, వాళ్ళ "అవును" అన్న మాటే ప్రమాణం కింద లెక్క అని విలియం ఉత్తరం రాశాడు. 1579 ఉట్రెక్ట్ ఒప్పందం 13వ అధికరణంలో మతం పేరుతో ఎవరినీ వేధించకూడదు, విచారించకూడదు అని ఉంది.

అయినా ప్రభుత్వ ఉద్యోగాలు రావు. పూర్తి సమాన హక్కు 1796లోనే. రెండొందల ఏళ్ళకి పైగా చూడనట్టు ఉండటమే.

లెక్కల_మాస్టారు
1060 గిల్డర్లు ఇచ్చారు కాబట్టే అన్నట్టు రాశారు. ఆ విలియమే కేథలిక్కులకీ చోటుండాలని వాదించాడు. వాళ్ళేం డబ్బిచ్చారు? మనిషికి నమ్మకం కూడా ఉంటుందండీ, అన్నీ రశీదుల్లో దొరకవు.

కాలవగట్టు
ఒప్పుకుంటున్నా మాస్టారూ. ఆయన విషయంలో నమ్మకం ఉంది. ఊరి పెద్దల విషయంలో నాకు అనుమానమే.

దివిసీమ_రైతుబిడ్డ
రాజకీయాలు నాకు అంతగా తెలియవు కానీ ఒక ప్రశ్న. వీళ్ళు పోలండ్‌లో నీళ్ళ మడుగులు పూడ్చి పొలాలు చేశారని ఎక్కడో చదివాను. అది నిజమైతే అది మాకు అర్థమయ్యే భాష.

చరిత్రపిచ్చి_శారద
నిజమే. విస్తులా నది సముద్రంలో కలిసేచోటు, డాన్‌జిగ్ చుట్టుపక్కల, ఇప్పుడు గ్డాన్స్క్ అంటున్నారు. అక్కడ నేల చాలాచోట్ల సముద్ర మట్టం కన్నా కింద. 16వ శతాబ్దం మధ్యలో నెదర్లాండ్స్‌లో మంటల్లో కాల్చే శిక్షల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి భూస్వాములు, లోయిట్స్ అనే వడ్డీ వ్యాపార కుటుంబం ఆ చిత్తడి నేలని దీర్ఘకాలిక కౌలుకి ఇచ్చారు. గట్లు, కాలవలు, నీళ్ళు తోడే గాలిమరలు. చలిజ్వరాలకి చాలామంది పోయారు. 1642లో పోలండ్ రాజు నాలుగో వ్వాదిస్వావ్ ఇచ్చిన పత్రంలో, పనికిరాని బురద నేలని వీళ్ళ తాతలు చెమటోడ్చి, డబ్బు పోసి పంటభూమి చేశారని మెచ్చుకున్నాడు.

మెచ్చుకోవడం వెనక కథ ఏమిటంటే, అంతకుముందే రాజసభకి చెందిన ఒకడు వీళ్ళని వెళ్ళగొట్టే ఆజ్ఞ చూపించి బెదిరించి బాగా గుంజాడు. ఆ గోల అయ్యాకే ఈ పత్రం.

దివిసీమ_రైతుబిడ్డ
మురుగు కాలవ పని తెలియనివాళ్ళకి ఒక మాట చెబుతాను. మా దగ్గర గుర్రపుడెక్క ఒక్క సీజన్ తియ్యకపోతే చాలు, ఎగువ చేలన్నీ మోకాల్లోతు. నా చేను నేను బాగుచేసుకున్నా, దిగువవాడు తన ముక్క తియ్యకపోతే నీళ్ళు నా మీదకే. గట్టు తెగితే ఎవరి చేనుకి ఎదురుగా తెగిందన్నది ఎవరూ అడగరు, ఊరంతా పార పట్టుకుని పోవాలి. మా నాన్న రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని ఇనప తలుపు ఎత్తడానికి పోయేవాడు, పక్కన ఉన్నవాడితో మూడేళ్ళుగా మాటల్లేవు, ఇద్దరూ కలిసే ఎత్తేవాళ్ళు, మాట్లాడకుండానే తిరిగొచ్చేవాళ్ళు.

అక్కడి దొరలు వీళ్ళని ప్రేమతో ఉంచారనుకోను, ద్వేషంతో భరించారనీ అనుకోను. వాళ్ళు పోతే గట్టు చూసేవాడు ఉండడు. అంతే.

జ్యూరిక్_వాన
ఈ దారంలో ఇప్పటిదాకా చదివినవాటిలో మంచి పోస్టు ఇదే.

తిక్కలోడు
మూడేళ్ళుగా మాటల్లేనివాళ్ళు ఇనప తలుపు ఎత్తిన సీను ఎవరైనా తీస్తే టికెట్ కొంటా.

రాత్రిబండి
డాన్‌జిగ్ అంటే గుర్తొచ్చింది, అక్కడ ఆడమ్ వీబె అని మెన్నోనైట్ ఇంజినీరు ఉండేవాడు కదా? 1644లో రోప్‌వే కట్టాడు! చెక్క స్తంభాల మీద చుట్టూ తిరిగే తాడు, తాడుకి బుట్టలు, తిప్పేది గుర్రాలు. కొండ మట్టి బుట్టల్లో నది దాటి వచ్చి ఇవతల పడేది. మనం తిరుమల వెళ్ళేటప్పుడు రోప్‌వే ఎప్పుడొస్తుందా అనుకుంటున్నాం, వాళ్ళు నాలుగొందల ఏళ్ళ కిందటే.

గోడమీదపిల్లి
ఆ మట్టి ఎందుకో కూడా చెప్పండి మరి. కోట బురుజు కట్టడానికి! కత్తి ముట్టనివాడు ఫిరంగులు పెట్టుకునే బురుజుకి మట్టి మోయించాడు. ఇంకా డాన్‌జిగ్‌లో గోల్డ్‌వాసర్ అని బంగారు రేకులు తేలే మద్యం ఉంది. 1598లో దాన్ని మొదలెట్టినవాడు కూడా హాలండ్ నుంచి వచ్చిన మెన్నోనైటే, అంబ్రోసియస్ వెర్ములెన్. సాధుజనం సాధుజనం అంటారు!

పాలమూరు_పిల్లోడు
బంగారు మద్యం సంగతి మా సంఘంలో ఎవరికీ చెప్పకండి ప్లీజ్.

చరిత్రపిచ్చి_శారద
వృత్తి సంఘాలు చేర్చుకోకపోతే మనిషి ఏ పని దొరికితే అది చేస్తాడు. సారా కాయడం, లేసులు, రంగులద్దడం, ఇవే మిగిలాయి చాలామందికి. వీబె సంగతి మాత్రం పిల్లిగారు బాగా పట్టుకున్నారు, నా దగ్గర జవాబు లేదు.

గోడమీదపిల్లి
ఇంకోటి కూడా పట్టుకున్నాను. వీళ్ళని ఎవరు ఓర్చుకున్నారన్నదే అడుగుతున్నారు, వీళ్ళు ఎవరిని ఓర్చుకున్నారు? తప్పు చేసినవాణ్ణి వెలివేస్తే భార్య కూడా కలిసి తినకూడదు, పడుకోకూడదు అనేదాకా పోయారు. 1566లో ఫ్రీసియన్లు వేరు, ఫ్లెమిష్‌లు వేరు అని చీలిపోయారు. ఆమ్‌స్టర్‌డ్యాంలో 1664లో పెద్ద చీలిక. దానికి జనం పెట్టిన పేరు గొర్రెపిల్లల యుద్ధం! చర్చి పేరు గొర్రెపిల్ల మీద ఉంది కాబట్టి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఫ్రానెకర్ ఊరి ఇల్లు. థామస్ బింట్‌గెన్స్ అనే పెద్ద ఒక ఇల్లు కొన్నాడు. ఏడువందల గిల్డర్లకి కొని కాగితంలో ఎనిమిదివందలని రాయించాడని గొడవ. ఆ గొడవ పెరిగి సంఘమే రెండు ముక్కలైంది, ఒక పక్షానికి "ఇల్లు కొన్నవాళ్ళు" అనే పేరు పడింది.

తిక్కలోడు
ఎక్కువ రాయించాడా?! మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవడైనా ఎక్కువ రాయిస్తే దండ వేసి ఫోటో దిగుతారు.

వనపర్తి_బాబాయ్
ఆలస్యంగా చూస్తున్నాను. నేనూ ఎం.బి. సంఘంవాణ్ణే, అరవై దాటాయి. పిల్లి అన్నది అబద్ధం కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కాబట్టి మా దగ్గరి చీలికలు చెప్పను. కానీ ఒకటి. వెలివేయడానికీ, నీళ్ళలో ముంచడానికీ తేడా ఉంది. వెలివేసినవాడు పక్క వీధికి పోయి ఇంకో సంఘం పెట్టుకోగలడు. వీళ్ళు అన్నిసార్లు చీలారంటే చీలగలిగారు కాబట్టే.

మా చిన్నప్పుడు సండే స్కూల్లో డిర్క్ విల్లెమ్స్ కథ చెప్పేవారు. 1569లో ఆస్పెరెన్ అనే ఊళ్ళో గడ్డకట్టిన మంచు మీద పారిపోతుంటే వెనక తరుముతున్నవాడు మంచు విరిగి నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి వాణ్ణి పైకి లాగాడు. ఆ డిర్క్‌నే పట్టుకుని మంటల్లో కాల్చేశారు. ఆ బొమ్మ మా టీచరమ్మ గోడకి తగిలించేది. ఇద్దరి చేతులూ చాచి ఉంటాయి, ఎవరు ఎవరిని లాగుతున్నారో చిన్నపిల్లలకి వెంటనే అర్థం కాదు. తరిమేవాడే దయగలవాడు అనుకున్నాను నేను చాలాకాలం.

జ్యూరిక్_వాన
బాబాయ్ ఆఖరి వాక్యం చదివాక ఒకటి చెప్పాలనిపిస్తోంది. అందరం రాజుల గురించే మాట్లాడుతున్నాం. నాకైతే అసలు ఓర్పు ఇరుగుపొరుగు దగ్గర కనిపించింది.

పోయిన వేసవిలో బెర్న్ దగ్గరి ఎమెంటాల్ కొండల్లోకి నడకకి పోయాం. ట్రూబ్ అనే ఊరి పైన ఒక పాత రైతు ఇల్లు చూపిస్తారు. అందులో ఒక చెక్క పలక. దాని ఒక చివర కాలు వేస్తే మనిషి కింద గుంటలోకి జారిపోతాడు, పలక తిరిగి పైకి లేచి మామూలు నేలలా కూర్చుంటుంది. వేటగాళ్ళు వచ్చినప్పుడు దాక్కునే ఏర్పాటు. మా పాప పదిసార్లు ఎక్కి దిగాలంది. నాకు అనిపించిందేమిటంటే, ఇలాంటివి చేయించడానికి వడ్రంగి కావాలి, ఆ వడ్రంగికి తెలుసు, ఆయన భార్యకి తెలుసు, పాలవాడికి తెలుసు. ఎవరూ పట్టివ్వలేదు, బహుమానం ఉందని తెలిసి కూడా.

ఇలా సాయం చేసేవాళ్ళని "సగం అనాబాప్టిస్టులు" అని బెర్న్ అధికారులు విసుక్కునేవాళ్ళు. ఆదివారం మామూలు చర్చికే పోయేవాళ్ళు, రాత్రి వీళ్ళకి రొట్టె పంపేవాళ్ళు. 1714లో సుమిస్వాల్డ్‌లో ఖైదీల్ని తీసుకుపోతుంటే అరవై డెబ్బై మంది ఊరివాళ్ళు వేటగాళ్ళ మీద పడి చితక్కొట్టి విడిపించుకున్నారు. వాళ్ళకి గుల్డెన్లు ఎవరిచ్చారు?

లెక్కల_మాస్టారు
దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి గమనించండి. ఊరివాళ్ళ ఓర్పు ఒక రాత్రికి, ఒక ఖైదీకి. కాగితం మీద ఉన్న ఆరు గుల్డెన్లు మనవల దాకా పనికొచ్చాయి.

చరిత్రపిచ్చి_శారద
పనికొచ్చేదాకా పనికొచ్చాయి మాస్టారూ. జర్మన్ రాజ్యం ప్రష్యా సంగతి చూడండి. అక్కడి రాజు ఫ్రెడరిక్ విలియంకి పొడుగు సిపాయిల పిచ్చి. వాళ్ళ మనుషులు మెన్నోనైట్ కుర్రాళ్ళని ఎత్తుకుపోతే మొరపెట్టుకున్నారు, దానికి జవాబుగా 1724లో టిల్సిట్ వైపు వాళ్ళని వెళ్ళగొట్టేశాడు. కొడుకు రెండో ఫ్రెడరిక్ మేలే: విస్తులా ప్రాంతం ప్రష్యాలో కలిశాక సైన్యంలోకి రానక్కర్లేదు, బదులుగా ఏటా 5000 థాలర్లు కట్టండి అన్నాడు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెలుసా? కుల్మ్‌లో కుర్రాళ్ళకి యుద్ధవిద్య నేర్పే సైనిక పాఠశాలకి.

1780లో ప్రత్యేక పత్రమూ ఇచ్చాడు. తొమ్మిదేళ్ళకి ఆయన వారసుడు కొత్తగా భూములు కొనడానికి అడ్డం కొట్టాడు. నేలని బట్టి సిపాయిల లెక్క, మెన్నోనైట్ కొంటే ఆ నేల లెక్కలోంచి పోతుంది. మళ్ళీ మూటలు. ఈసారి కేథరిన్ రాణి పిలిస్తే దక్షిణ రష్యాకి.

వనపర్తి_బాబాయ్
అక్కడి నుంచి మా దాకా రావడానికి ఒక మెట్టే. మొలోచ్నా అనే మెన్నోనైట్ కాలనీ నుంచి అబ్రహాం ఫ్రీసెన్, భార్య మరియా బయల్దేరి నల్లగొండ చేరారు. 1890 ప్రాంతం. తర్వాత అమెరికా నుంచి ఎం.బి. మిషనరీలు వచ్చి పాలమూరు జిల్లా పట్టుకున్నారు. రష్యాలో వీళ్ళకి నేల ఇచ్చినప్పుడు పెట్టిన షరతు, అక్కడి ఆర్థడాక్స్ జనాన్ని తమ మతంలోకి తిప్పకూడదని. ఊళ్ళో సువార్త చెప్పకూడదు, అందుకని సముద్రం దాటారేమోనని నా అనుమానం. కాగితం మీద రుజువు లేదు, ముసలాడి ఊహ అనుకోండి.

అన్నట్టు పిల్లోడూ, మాదీ ఎం.బి.యే, కానీ ఊరు వనపర్తి. మహబూబ్‌నగర్ బ్రాంచి అయితే మాకెందుకు పెట్టారని నువ్వు ఆలోచించలేదా?

పాలమూరు_పిల్లోడు
సబ్ బ్రాంచి అనుకున్నా బాబాయ్ 🙏

కాలవగట్టు
ఒక ఆటవిడుపు. హాంబర్గ్ పక్కన అల్టోనాలో 1601లో అక్కడి కౌంట్ మెన్నోనైట్లకి ఉండే హక్కు ఇచ్చాడు. లూథరన్లు కానివాళ్ళు స్వేచ్ఛగా ఉండొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు అన్న వీధికి "పెద్ద స్వేచ్ఛ" అనే పేరు, జర్మన్‌లో గ్రోసె ఫ్రైహైట్. అక్కడే మెన్నోనైట్ చర్చి ఉండేది. ఇప్పుడా వీధి నిండా రాత్రి క్లబ్బులు, ఎర్ర దీపాలు. బీటిల్స్ పేరు రాకముందు పాడింది కూడా అక్కడే. మా ఆఫీసువాళ్ళు ట్రిప్పుకి పోయినప్పుడు ఆ బోర్డు కింద ఫోటో దిగి, ఈ కథ చెప్పబోతే ఎవడూ వినలేదు.

తిక్కలోడు
మేం వింటాం అన్నా, ముందు ఫోటో పెట్టు.

వేదిక_కాపలా
ఫోటో వద్దు. విషయంలో ఉండండి.

పాలమూరు_పిల్లోడు
అందరికీ థాంక్స్. మాస్టారితో ఇంకా ఒప్పుకోను కానీ "తల అడగలేదు" అన్న మాట పోవట్లేదు నా బుర్రలోంచి. ఆ ఏడువందల మందిలో నేనుంటే ఆరు గుల్డెన్లు ముందు కట్టేసి ఆ తర్వాతే సణిగేవాణ్ణేమో.

ఆ ప్రసంగీకుడు వచ్చే ఆదివారం మళ్ళీ వస్తున్నాడట. అయ్యాక టీ దగ్గర అడుగుతాను.

రాత్రిబండి
కిటికీలు మూసి అడుగు.

లెక్కల_మాస్టారు
ఇరవై మందికి మించి చేరకుండా చూసుకో.